మిర్యాలగూడ ఎండల్లో బోక్ చోయ్ పండుతుందా, పండితే మన పొయ్యి మీద ఎలా వండాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. జనవరి నెలాఖరులో డాబా మీద కుండీల్లో బోక్ చోయ్ (తెల్లని లావు కాడల చైనా ఆకుకూర), నాపా (గడ్డ కట్టే చైనా క్యాబేజీ) గింజలు చల్లారు. మొలకలు బాగానే వచ్చాయి గాని, మార్చి వచ్చేసరికి బోక్ చోయ్ జానెడైనా ఎదగకుండానే పసుపు పూత తీసింది, నాపా గడ్డ కట్టలేదు, ఆకుల నిండా చిన్న చిన్న రంధ్రాలు పడ్డాయి. మిగిలిన ఆకును కందిపప్పులో వేసి కుక్కర్ పెడితే కూర నీళ్లగా, కొంచెం చేదుగా వచ్చింది. ఇవి అసలు మన ఎండలకు పండుతాయా, పండితే మన వంటల్లో ఎలా వాడాలి, లేక వీటిని వదిలేసి మన ఆకుకూరలే పెట్టుకోవడం మేలా అని అడిగారు.

పండుతాయి. అయితే సద్దుల బతుకమ్మ ముగిసి వానలు వెనక్కి తగ్గినప్పటి నుంచి డిసెంబరు మూడో వారం లోపు విత్తుకుంటేనే పండుతాయి. మీరు విత్తిన సమయం ఒక్కటే మీ ఇబ్బందుల్లో ముప్పాతికకు కారణం. కుండీ, ఎరువు, విత్తనం రకం ఆ తర్వాతి మాటలు. ఫిబ్రవరి దాటిన తర్వాత మన దగ్గర పెట్టుకోవలసినవి తోటకూర, బచ్చలి, గంగవాయిలి, తూటికూర, పుంటికూర (గోంగూర). ఇక వంట సంగతికి వస్తే, బోక్ చోయ్‌ను కుక్కర్‌కు దూరంగా ఉంచి, కాడను ఒక కూరగాయగా, ఆకును మరో కూరగాయగా భావించి వండితే మీరు చెప్పిన నీళ్లదనం ఉండదు.

నేను నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే దారిలో ఎర్ర చెల్క నేలలో ఆకుకూరలు పండిస్తాను. చలికాలంలో కొన్ని మడులు ఈ చైనా కూరలకు ఇస్తాను. కింద రాసేదంతా ఆ మడుల నుంచి, మా వంటింటి నుంచి వచ్చినదే. మీది కాలువ కింది ఊరు, మాది బోర్ల మీద బతికే నేల కాబట్టి ఆ తేడా ఉన్నచోట విడిగా చెబుతాను.

ముందు పూత సంగతి. బోక్ చోయ్, నాపా, టర్నిప్ మూడూ బ్రాసికా రాపా అనే ఒకే జాతికి చెందినవి, మన పోపుల డబ్బాలోని ఆవాలు వీటికి దగ్గరి చుట్టాలు. ఇవి హాయిగా ఆకు పెట్టేది 15 నుంచి 22 డిగ్రీల వేడిలో. మన జిల్లాలో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి, పగటి పొద్దు 11 గంటల చిల్లర మాత్రమే ఉంటుంది. అది వీటికి ఆకు పెంచుకునే కాలం. మొలక దశలో చలి తగిలిన మొక్కకు ఆ తర్వాత పగలు పొడుగై, ఎండ ముదిరితే ఇక గింజ కట్టి వెళ్లిపోవాలన్న తొందర పుడుతుంది. మీరు జనవరి చివరలో విత్తడంతో మీ మొక్కలకు లేత వయసులో చలి, ఎదిగే వయసులో ఎండ, మార్చి మూడో వారానికి 12 గంటల పగలు వరుసగా తగిలాయి. పైగా డాబా మీది కుండీ మట్టి నేల మీది మట్టి కంటే చాలా త్వరగా వేడెక్కి ఆరిపోతుంది, వేరుకు దాహం వేసినా పూత ముందుకు జరుగుతుంది. ఆకు చేదెక్కడానికి కారణం కూడా అదే: ఎండకు, నీటి ఎద్దడికి లోనైన మొక్క తన ఘాటు పదార్థాలను ఆకులో పెంచుకుంటుంది. కాబట్టి నాటు విత్తనం వేసినా, ఖరీదైన హైబ్రిడ్ వేసినా ఫిబ్రవరి, మార్చిలో ఫలితం పెద్దగా మారదు.

పూత వచ్చిన బోక్ చోయ్‌ను పీకి పారేయవలసిన పని లేదు. మొగ్గ విచ్చకముందు పూకాడను నాలుగు వేళ్ల పొడవున తుంచి వేయిస్తే చాలా రుచిగా ఉంటుంది. చైనా వాళ్లు చోయ్ సమ్ అని ప్రత్యేకంగా పూకాడ కోసమే ఒక రకాన్ని పెంచుకుంటారు. అయితే ఆ పూలను గింజ కోసం వదలడం వల్ల లాభం తక్కువ. పక్కన టర్నిప్ గాని, నాపా గాని పూసి ఉంటే తేనెటీగలు అన్నింటినీ కలిపేస్తాయి, వచ్చే ఏడు ఏది ఏదో పోల్చుకోలేని మొక్కలు మొలుస్తాయి.

ఇప్పుడు విత్తే పద్ధతి. మీరు నేరుగా కుండీలో చల్లారు. నేనైతే నారు పోసి నాటమంటాను. కారణం మన ఎర్రమట్టి. చెల్క నేల మీద నీళ్లు పడి ఆరగానే పైన గట్టి పొర కడుతుంది, ఆవగింజంత విత్తనం దాన్ని చీల్చుకుని రాలేదు. నారు ట్రేలో గాని, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో గాని జల్లెడ పట్టిన వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపి, గింజను అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోతున వేసి, పైన సన్నని ఇసుక పలుచగా చల్లండి. మూడు నుంచి ఐదు రోజుల్లో మొలుస్తుంది. మూడు వారాలకు నాలుగైదు ఆకులు వస్తాయి, అప్పుడు సాయంత్రం పూట నాటండి. బోక్ చోయ్‌కు మొక్కకూ మొక్కకూ జానెడు దూరం చాలు. నాపాకు ముప్పాతిక మూరైనా కావాలి. కుండీ మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక లేదా కొబ్బరి పొట్టు కలిపి, కుండీకి గుప్పెడు వేప పిండి చేర్చితే సరిపోతుంది. ఆకు ముదురు ఆకుపచ్చగా కనిపించాలని యూరియా పోయకండి. అలా పెరిగిన ఆకు మెత్తబడి పేనుబంకను పిలుస్తుంది, వండినప్పుడు నీరు ఎక్కువ వదులుతుంది. జీవామృతం వాడేవారు మట్టికే పోయాలి, కోతకు దగ్గరపడిన ఆకు మీద చల్లకూడదు. అందులో ఉన్నది పేడ, మూత్రం అన్న సంగతి మరవరాదు.

మీ ఊరికి ఒక వరం ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. చుట్టూ రైస్ మిల్లులే కాబట్టి వరి ఊక, వరిగడ్డి కొదవ లేకుండా దొరుకుతాయి. నాటిన వారానికి కుండీ మట్టి మీద రెండు వేళ్ల మందాన గడ్డి గాని ఊక గాని కప్పితే నీరు బాగా ఆదా అవుతుంది, మట్టి చల్లగా ఉంటుంది, తడిపినప్పుడు మట్టి చింది కాడల సందులో చేరదు. మిల్లు బూడిదను మాత్రం ఎరువు అనుకుని దోసిళ్లతో పోయకండి. బూడిద క్షారగుణం కలది, మన నీళ్లు చాలా చోట్ల అసలే అలాంటివి. రెండూ కలిస్తే ఆకు పాలిపోతుంది.

నీటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు అందే మీకు ఈ బాధ తక్కువే గాని, ఇదే ప్రశ్న మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు నుంచి చదివేవారు తప్పక గమనించాలి. అక్కడి బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువన్నది దేశమంతటికీ తెలిసిన విషయం. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదన్నది మన దేశ ప్రమాణం. అలాంటి నీరు పోసిన మొక్క ఆ ఫ్లోరైడ్‌లో కొంత పీల్చుకుంటుంది, కాయ కంటే ఆకులోనే అది ఎక్కువగా చేరుతుంది. రోజూ తినే ఆకుకూరకు కాబట్టి వాన నీరు, చెరువు నీరు, కాలువ నీరు దొరికినంత వరకు అవే వాడటం మంచిది. నల్లగొండ టెక్నిక్ అని పేరుబడ్డ పటిక, సున్నం పద్ధతి తాగే నీటి కోసం నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు రూపొందించినది, మడులకు పోయడానికి అది పనికివచ్చే వ్యవహారం కాదు. బోరు నీరే గతి అయితే కుండీ అంచుల్లో తెల్లని ఉప్పు పేరుకుంటున్నదేమో చూస్తూ, వానలు పడ్డప్పుడు కుండీలను ఆరుబయట ఉంచి ఆ ఉప్పు కొట్టుకుపోయేలా చేయాలి. మూసీ ఒడ్డున మురుగు కలిసిన నీటితో పండే కూరల సంగతి వేరే చెప్పనక్కరలేదు. బజారులో కొన్న ఏ ఆకునైనా పచ్చిగా తినవద్దన్నది నా గట్టి సలహా.

ఆకుల మీది రంధ్రాలకు వస్తే, మీరు రాసిన గుర్తులను బట్టి అవి రెండు పురుగుల పని అయి ఉండాలి. గుండుసూదితో పొడిచినట్టు గుండ్రని చిన్న రంధ్రాలుండి, చెయ్యి తగలగానే నల్లని చిన్న పెంకు పురుగులు ఎగిరి దూకితే అది ఒక రకం. ఆకు అడుగు భాగాన్ని గీకి తిని, పైన పలుచని పొర మిగిల్చే సన్నని ఆకుపచ్చ పురుగు అయితే అది క్యాబేజీ రైతులందరికీ తెలిసిన డైమండ్ రెక్కల పురుగు. మందులకు ఇది త్వరగా అలవాటుపడిపోతుంది కాబట్టి ఇంటి తోటలో రసాయన మందు జోలికి వెళ్లడం దండగ. అన్నిటికన్నా బాగా పనిచేసేది పాత దోమతెర. నాటిన రోజే కుండీ మీద రెండు వెదురు బద్దలు విల్లులా వంచి, తెర కప్పి, అంచులు తాడుతో బిగించండి. పురుగు వచ్చాక కప్పితే దాన్ని లోపల పెట్టి కాపాడినట్టు అవుతుంది. తెర లేనివారు లీటరు నీటికి 50 గ్రాముల వేప గింజల పప్పు దంచి రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున తగిలేలా పిచికారీ చేయాలి. కోతకు వారం ముందే ఆపేయాలి. మడులున్నవారు చుట్టూ రెండు వరుసలు ఆవాలు ముందుగా చల్లుకుంటే పురుగు మొదట వాటి మీద పడుతుంది, ఎర పంటగా ఆవాలకు క్యాబేజీ సాగులో మంచి పేరుంది.

నాపా విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకండి. గడ్డ కట్టడానికి రెండు నుంచి రెండున్నర నెలలు చల్లదనం కావాలి, మనకు ఆ చల్లదనం లెక్కగా అంతే ఉంటుంది. అక్టోబరులో తుఫాను వానలు పడి నారు పాడైతే మళ్లీ పోయడానికి వ్యవధి చిక్కదు. నీరు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయినా లోపలి ఆకుల అంచులు మాడిపోతాయి. బోక్ చోయ్ అయితే నలభై అయిదు రోజుల పంట, లేత మొక్కగా కోసుకుంటే నెలకే చేతికి వస్తుంది. అందుకే అక్టోబరు మధ్య నుంచి పదిహేను రోజులకోసారి నాలుగేసి కుండీల చొప్పున నాటుకుంటూ పోతే ఫిబ్రవరి మొదటి వారం దాకా ఇంటికి సరిపడా వస్తుంది. వెలుపలి ఆకులు విరుచుకుంటూ పోయినా, మొదలుకు కోసినా మంచిదే. మొదలుకు కోసేటప్పుడు నేలకు రెండు వేళ్ల ఎత్తున కోస్తే ఆ మోడు మళ్లీ చిన్న పిలకలు వేస్తుంది. అసలు ఏ కొత్త విత్తనమూ కొనకముందు, ఇంట్లోని ఆవాలు ఒక కుండీలో చల్లి చూడమని నేను అందరికీ చెబుతాను. ఖర్చు లేదు, నాలుగు వారాల్లో ఘాటైన లేత ఆకు వస్తుంది, మీ డాబా మీద ఏ మూల ఎండ ఎంత, ఏ పురుగు వస్తుంది అన్నదంతా అదే చెప్పేస్తుంది.

అమ్మకానికి పెట్టాలనుకునేవారికి ఒక మాట. నల్లగొండ అంగట్లో బోక్ చోయ్‌ని అడిగేవారు తక్కువ, హైదరాబాదు దాకా వెళ్లేసరికి ఆకు వాడిపోతుంది. కొనేవారు ముందు ఖాయం కాకుండా కుండీలు దాటి మడులకు వెళ్లకండి.

ఫిబ్రవరి తర్వాత పెట్టవలసిన వాటి గురించి ఇక్కడే చెబుతాను, ఎందుకంటే మీ మూడో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలైన మన జిల్లాలో ఎండను తట్టుకోవడమే కాక ఎండను ఇష్టపడే ఆకు కావాలి. జొన్న, మక్కజొన్న ఏ పద్ధతిలో ఎండను ఆహారంగా మార్చుకుంటాయో తోటకూరదీ అదే పద్ధతి, అందుకే తడి ఉన్నంత వరకు అది ఏప్రిల్‌లోనూ ఆగకుండా పెరుగుతుంది. చల్లిన నెల లోపే పీకుడు కూరగా వస్తుంది. వానాకాలంలో మాత్రం దాని ఆకు అడుగున తెల్లని బుడిపెల తెగులు వస్తుంది కాబట్టి అప్పుడు ఒత్తుగా చల్లకూడదు, ఆకు మీద నీళ్లు పోయకూడదు. బచ్చలిని కొన్న కట్టలోని ముదురు కాడ గుచ్చితే చాలు, పందిరికి పాకించవచ్చు, నీడ పడినా బాధపడదు. గంగవాయిలి ఒకసారి కుండీలో చేరితే మళ్లీ విత్తవలసిన పని ఉండదు, తానే రాలి తానే మొలుస్తుంది. పుంటికూరను మిరుగం వానలతో చల్లుకుంటే దసరా దాకా కొసలు తుంచుకుంటూ ఉండవచ్చు.

చైనా కూరల రుచి వేసవిలోనూ కావాలనుకునేవారికి అసలైన జవాబు తూటికూర. ఆగ్నేయాసియా దేశాల్లో కాంగ్‌కాంగ్ పేరుతో ప్రతి హోటలులో వేయించి పెట్టేది ఇదే. గింజను రాత్రంతా నానబెట్టి విత్తండి, లేదా కణుపులున్న కాడను తడిమట్టిలో గుచ్చండి. అడుగున రంధ్రం లేని టబ్బులో బురదగా ఉంచినా హాయిగా పెరుగుతుంది. రెండు కణుపులు వదిలి కోస్తూ ఉంటే ఎండాకాలమంతా వస్తుంది. రెండు జాగ్రత్తలు: ఊరి మురుగు కాలువలో పెరిగిన దాన్ని కోసుకురావద్దు, చెరువు నీటిలో పెరిగిన దాన్ని పచ్చిగా తినవద్దు. ఇంకొకటి, కాలువ గట్ల మీద లేత ఊదా రంగు గరాటు పూలతో పొదలుగా నిలబడి పెరిగే పిచ్చి తూటి వేరు. అది విషపు మొక్క, పశువులు కూడా దాన్ని తిని జబ్బుపడతాయి. తినే తూటికూర నేల మీద, నీటి మీద పాకుతుంది, దాని కాడ బోలుగా ఉంటుంది.

ఇక వంట. బోక్ చోయ్‌లో పుంటికూర పులుపు లేదు, మెంతికూర చేదు లేదు, తోటకూర చిక్కదనం లేదు. దానికున్న గుణాలు కాడలోని కరకర, ఆకులోని కొద్దిపాటి ఆవ ఘాటు. కుక్కర్‌లో మూడు విజిల్స్ రానిస్తే ఆ రెండూ పోయి, కాడలోని నీరంతా పప్పులో కలుస్తుంది, ఎక్కువసేపు ఉడికిన క్యాబేజీ వాసన మిగులుతుంది. మీ ఇంట్లో జరిగింది అదే.

కడగడం దగ్గర మొదలుపెట్టాలి. కాడల మొదట్లో ఎర్రమట్టి చేరుతుంది కాబట్టి మొదలు కోసి ఆకులు విడదీసి, వెడల్పాటి గిన్నెలో ఉప్పు నీళ్లు పోసి అందులో కాసేపు ఉంచి, ఆకును పైకి తీయాలి; గిన్నె వంపితే అడుగున దిగిన ఇసుక మళ్లీ ఆకు మీదికే వస్తుంది. అలా రెండు మూడు నీళ్లు మార్చి, జల్లెడలో వేసి, బట్ట మీద ఆరనివ్వండి. ఆకు తడిగా ఉంటే అది వేగదు, ఉడుకుతుంది. తర్వాత తెల్లని కాడలను వేలెడు ముక్కలుగా, ఆకును వెడల్పుగా వేరువేరుగా కోసుకోండి.

మా ఇంట్లో జొన్నరొట్టెతో ఎక్కువగా చేసుకునేది పల్లీ పొడి వేసిన వేపుడు. అర కిలో బోక్ చోయ్‌కి రెండు పెద్ద చెంచాల పల్లి నూనె, ఎనిమిది ఎల్లిగడ్డ రెబ్బలు, మూడు ఎండుమిరపకాయలు, అర చెంచా జీలకర్ర, వేయించి దంచిన పల్లీలు రెండు చెంచాలు, నువ్వులు ఒక చెంచా. ఇనుప కడాయి బాగా కాలాక నూనె పోసి, జీలకర్ర, మిరపకాయలు, చితక్కొట్టిన ఎల్లిగడ్డ వేసి, ఎల్లిగడ్డ రంగు మారకముందే కాడ ముక్కలు వేయండి. మంట పెద్దదిగానే ఉంచి రెండు నిమిషాలు తిప్పండి, మూత పెట్టవద్దు. ఆకు వేసి అర నిమిషం తిప్పి, అది వాలగానే పొయ్యి ఆపి, అప్పుడు ఉప్పు, పల్లీ నువ్వుల పొడి చల్లి, సగం నిమ్మచెక్క పిండండి. ఉప్పు ముందే వేస్తే కాడ నీరు వదిలేస్తుంది, చివర వేస్తే ఆ నీటిని పల్లీ పొడి పీల్చుకుంటుంది. మన గ్యాస్ పొయ్యి మంట చైనా హోటలు మంటంత బలమైనది కాదు కాబట్టి కిలో ఆకు ఒకేసారి వేయకుండా రెండు విడతలుగా వేయించాలి. నూనె విషయంలో పాలమూరు పల్లి నూనెకు మించినది ఈ వంటకు లేదు. పెద్ద మంటకు అది త్వరగా పొగరాదు, చైనాలో కూడా వేపుళ్లకు పల్లి నూనె వాడతారు. సోయా సాస్ వేయాలనుకుంటే ఉప్పు మానేయండి, రెండూ వేస్తే నోట పెట్టలేరు.

పప్పులోనే తినాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే దానికీ దారి ఉంది. కందిపప్పును కొంచెం పసుపు, రెండు టమాటలు, పచ్చిమిరపకాయలతో చిక్కగా ఉడికించి మెదిపి పెట్టుకోండి. విడిగా పోపు వేసి, అందులోనే కాడ ముక్కలు రెండు నిమిషాలు వేయించి, పప్పు పోసి, ఒక ఉడుకు రాగానే ఆకు వేసి దించేయండి. పులుపు తప్పనిసరి: చింతపండు రసమైనా, మామిడికాయ ముక్కలైనా ఉండాలి, లేదంటే పప్పు చప్పగా అనిపిస్తుంది. పెసరపప్పు నానబెట్టి పొడిగా చేసే కూరలో కూడా ఇది బాగుంటుంది, కోడిగుడ్డు పొరటులో అయితే పిల్లలు అడిగి మరీ తింటారు. సన్నగా తరిగిన ఆకును సర్వపిండిలో ఉల్లికాడల బదులు కలపవచ్చు, అప్పుడు పిండి కలిపే నీరు కొంచెం తగ్గించుకోవాలి.

ఆవాకు సంగతి వేరు. అది ఘాటైనది కాబట్టి ఒంటరిగా కంటే జత చేస్తేనే నప్పుతుంది. ఒక పాలు ఆవాకు, రెండు పాళ్లు పుంటికూర కలిపి నూనెలో మగ్గించి, వేయించిన మిరపకాయలు, ఎల్లిగడ్డ, నువ్వులతో రోట్లో నూరితే వచ్చే పచ్చడి వేడన్నంలోకి, జొన్నరొట్టెకు రెండింటికీ సరిపోతుంది. తూటికూరను బోక్ చోయ్ పద్ధతిలోనే వేయించాలి గాని నిమ్మరసం కొంచెం తగ్గించాలి. గంగవాయిలిని మాత్రం వేపుడు చేయకండి, జిగురుగా అవుతుంది. దాని చోటు మామిడికాయ వేసిన పప్పులోనే.

ఆరోగ్యం విషయంలో మీరు అడగకపోయినా కొన్ని చెప్పక తప్పదు. పాలకూర, తోటకూర, చుక్కకూర, గంగవాయిలిలో ఆక్సలేట్లు ఎక్కువ, అవి కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి. పాలకూరలోని కాల్షియంలో దాదాపు 5 శాతమే ఒంటికి పడుతుంది, బోక్ చోయ్‌లోదైతే సగం దాకా పడుతుంది. మూత్రపిండాల్లో రాళ్లు వచ్చిన వారికి ఈ కారణంగా వాటికంటే బోక్ చోయ్ మేలు. వారు తోటకూర, పాలకూర తినాలనుకుంటే ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీటిని వంపేసి వండుకోవాలి. రక్తం పలుచబడటానికి వార్ఫరిన్ వాడేవారు ఏ ఆకుకూరనైనా ఒకరోజు కట్టలకొద్దీ, మరో రోజు అసలు లేకుండా తినకూడదు. వీటిలోని కె విటమిన్ ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది కాబట్టి వారం వారం ఒకే మోతాదులో తింటూ, కొత్తగా మొదలుపెట్టే ముందు డాక్టరుకు చెప్పాలి. షుగరు తగ్గుతుందని పచ్చి ఆకు రసాలు తాగేవారు మన దగ్గర పెరిగారు, వారికి ఒక సంగతి చెప్పాలి: మధుమేహం అదుపులోకి వస్తుందని నెలల తరబడి రోజూ కిలో నుంచి కిలోన్నర పచ్చి బోక్ చోయ్ తిన్న 88 ఏళ్ల వృద్ధురాలు థైరాయిడ్ పూర్తిగా మందగించి కోమాలోకి వెళ్లిన ఉదంతాన్ని 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ప్రచురించింది. వండిన ఆకు, ఇంట్లో మామూలుగా తినే మోతాదులో, థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారికి కూడా సాధారణంగా ఇబ్బంది చేయదు. పచ్చిగా, రసంగా మాత్రం వద్దు.